కొయ్యరెక్క నుండి రఫేల్ వరకు

ఆదిలాబాదునుండి కరీంనగరుకు పటముమీద తిన్నని గీత గీస్తే దూరము సుమారు 150 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్లు పోయే జెట్ విమానమునకు ఇది 10 నిమిషాల ప్రయాణము. ధ్వనికి రెండింతల వేగముతో పోయే విమానమునకు నాలుగు నిమిషాల పైచిలుకు చాలును. మొదటి వేగమునుండి రెండవ వేగమునకు చేరుటకు దస్సో అను ఫ్రెంచి సంస్థకు పట్టిన కాలము తొమ్మిదేండ్లు. పత్రికలలో డసాల్ట్ అని కనిపించేది ఈ సంస్థ పేరే.

దీని స్థాపకుడు మార్సెల్ బ్లాక్ 1892లో పారిస్‌లో జన్మించాడు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆయన రూపొందించిన ప్రొపెల్లరు, అనగా విమానమును ముందుకు లాగే తిరుగుడు రెక్క, కుర్చీలు బల్లలు చేసే కార్ఖానాలో అక్రోటు కర్రతో తయారైనది. నిర్మల్ బొమ్మకు మెత్తని పొనికి కర్ర తగును. అతివేగముగా తిరిగే రెక్కకు గట్టి కర్ర కావలెను.

రెండవ ప్రపంచయుద్ధములో జర్మనులకు సహకరించుటకు ఆయన నిరాకరించాడు. 1944లో ఆయనను బూఖెన్‌వాల్డ్ నిర్బంధశిబిరమునకు పంపారు. 1945లో విడుదలైన పిదప ఇంటిపేరును దస్సోగా మార్చుకొన్నాడు. ప్రతిఘటనోద్యమములో ఆయన అన్న వాడిన మారుపేరునుండి అది వచ్చినది.

1949లో ఎగిరిన ఊరగాన్ విమానపు రెక్కలు దాదాపు తిన్ననివి. 1953లో మన వాయుసేనలో చేరిన ఈ విమానమునకు తూఫానీ అని పేరు పెట్టారు. విమానము ధ్వనివేగమును సమీపించినప్పుడు ఎదుటి గాలికి తొలగే వ్యవధి ఉండదు. అది నొక్కుకొనిపోయి, బలమైన అలగా మారి అడ్డగిస్తుంది. రెక్కలను వెనుకకు వాల్చినచో ఈ అడ్డు తగ్గుతుంది. తరువాత వచ్చిన మిస్టేర్ విమానములో చేసినది ఇదే. మిరాజ్‌లో రెక్కను పలుచని త్రిభుజముగా మలచారు. 1958లో మిరాజ్-3 ధ్వనికి రెండింతల వేగమును దాటినది. అయితే త్రిభుజపు రెక్కతో నేలకు దిగుటకు ఎక్కువ వేగము కావలెను. రఫేల్‌లో ప్రధానపు రెక్కకు ముందు చిన్న రెక్కలు చేర్చి ఈ చిక్కును తగ్గించారు. ఈ అనుభవముతోనే ఆ సంస్థ పౌరవిమానములు కూడ నిర్మించినది. మొదటి ఫాల్కన్ 1963లో ఎగిరినది.

మన దేశము 2016లో 36 రఫేల్ విమానములకు ఒప్పందము చేసికొన్నది. మొదటి అయిదు 2020 జూలైలో అంబాలాలో దిగినవి. రఫేల్ మొండెపు భాగములను హైదరాబాదులో తయారు చేయుటకు 2025 జూన్‌లో టాటా సంస్థతో దస్సోకు ఒప్పందము కుదిరినది. ఫ్రాన్సు వెలుపల ఇట్టి ఏర్పాటు ఇదే మొదటిది. ఒక్కొక్క విమానపు లోపము తరువాతి విమానమునకు పాఠమైన ఈ చరిత్రలో ఇకముందు తెలంగాణా పనివారికి కూడ పాలు ఉండును.