పంజరం కాని పంజరం: వృక్షకణ ఆకృతి – రాప్ ప్రోటీన్లు

సైటోస్కెలిటన్‌ను తెలుగులో 'కణ అస్థిపంజరం' అనడం వాడుక. 'అస్థి' శబ్దం స్థిరత్వాన్ని స్ఫురింపజేస్తుంది. ఇక్కడి తంతువులు మాత్రం నిరంతరం విడిపోతూ, తిరిగి కూడుతూ ఉంటాయి. ఈ కూర్పును నియంత్రించేది ఏది?

అరబిడాప్సిస్ ఆకు బాహ్యచర్మ కణాలు ఉబ్బులు, నొక్కులతో ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. కణత్వచం వద్ద రాప్ ప్రోటీన్లు జీటీపీతో బంధితమైనప్పుడు క్రియాశీలమై, అది జీడీపీగా మారగానే నిష్క్రియమవుతాయి. జెన్‌బియావో యాంగ్ బృందం 2005లో వెల్లడించిన ప్రకారం, ఉబ్బు ఏర్పడేచోట రాప్2, రిక్4 ద్వారా సన్నని ఆక్టిన్ తంతువులను పెంపొందిస్తుంది; అదే సమయంలో రిక్1ను అణచి సూక్ష్మనాళికల అమరికను అడ్డుకుంటుంది. నొక్కులో ఆ అణచివేత లేదు. రిక్1 నాళికలను వరుసగా అమర్చి అక్కడి పెరుగుదలను నిరోధిస్తుంది. దానిని ప్రేరేపించేది రాప్6 అని తరువాత తేలింది.

ఈ సంకేతానికి మూలం ఆక్సిన్ అనీ, ఏబీపీ1 ప్రోటీన్ దానిని గ్రహిస్తుందనీ 2010లో ప్రతిపాదించారు. ఏబీపీ1 పూర్తిగా లోపించిన మొక్కలూ సాధారణంగానే పెరుగుతాయని 2015లో తేలడంతో ఆ ప్రతిపాదన సందేహాస్పదమైంది. 2022లో ఏబీపీ1 పాత్ర మళ్ళీ చర్చకు వచ్చింది. రాప్–రిక్ పరస్పర నిరోధానికి ఆధారాలు వేరు. గ్రాహకం గురించిన వివాదాన్ని దానికి అంటగట్టడం సరికాదు.