ఆఖరి పరీక్ష అయ్యాక కూడా బడికి వెళ్లాలా?

ఆఖరి పరీక్ష రోజు మన హాస్టల్ ఎలా ఉంటుందో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. సోషల్ పేపరు రాసి వచ్చినవాళ్లు వచ్చినట్టే ట్రంకు పెట్టెలు సర్దుకుంటారు. చొక్కాల మీద సిరా చల్లుకుంటారు. సాయంత్రం బస్సు వేళకు సగం గదులు ఖాళీ. వార్డెన్ సారు "ఇంకో నాలుగు రోజులు ఉండండ్రా" అన్నా వినేవాళ్లు ఉండరు. పరీక్ష రాశాం కదా, ఇంక బడితో పనేముంది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ ప్రశ్నకు నేను ఒకప్పుడు "ఏమీ లేదు" అని జవాబు చెప్పుకున్నాను. దానికి చెల్లించిన మూల్యం మీకు తెలియాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను వెళ్లిపోయిన సంగతి

మాది కర్నూలు జిల్లా పడమటి ప్రాంతం. ఆదోని, కోసిగి వైపు ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్తాయి. దాన్ని మా దగ్గర 'సుగ్గికి పోవడం' అంటారు. 2018 మార్చి చివర్లో నా పదో తరగతి పరీక్షలు అయిపోయేసరికి మా అమ్మానాయన అక్కడే ఉన్నారు. నాయన ఫోన్ చేసి, "పరీచ్చలు అయిపోయినాయి గదా నాయనా, ఇంగ బడికాడ ఏం పని? వచ్చి నాలుగు దినాలు కాయ కోస్తే నీ పైచదువుకే ఆసరా అయితాది" అన్నాడు. ఆయన తప్పు లేదు. మా ఇంట్లో పదో తరగతి దాకా వచ్చినవాడిని నేనే మొదటివాణ్ణి. ఆ తర్వాత ఏం చేయాలో ఆయనకు ఎవరు చెప్పారు గనక?

మా క్లాసు టీచరు మాత్రం మూడు రోజులు బడికి రమ్మన్నారు. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు నింపిస్తాను, కుల, ఆదాయ సర్టిఫికెట్లు తెచ్చుకోండి అన్నారు. నేను తలూపి ఆ రాత్రే రైలెక్కాను.

ఫలితాలు వచ్చాక తిరిగి వచ్చి చూస్తే గడువు దాటిపోయింది. మార్కులు బాగానే ఉన్నాయి, దరఖాస్తే లేదు. నా పక్క మంచం మిత్రుడు ఆ మూడు రోజులూ బడికి వెళ్లాడు. పరీక్ష రాశాడు, సీటు తెచ్చుకున్నాడు. నాతోపాటు కాయ కోతకు వచ్చిన ఇంకో మిత్రుడు లెక్కల్లో తప్పాడు. సప్లిమెంటరీ ఫీజు ఎప్పటిలోపు కట్టాలో అతనికి చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. నేను ఆలస్యంగా ప్రభుత్వ జూనియర్ కాలేజీకి వెళ్లి, మిగిలిన గ్రూపులో చేరాను. ఆ దారిలోనే ఎం.ఏ. దాకా వచ్చాను, అందుకు చింత లేదు. కానీ ఆ దారి నేను ఎంచుకున్నది కాదు, నాకు మిగిలినది.

మా ముగ్గురం ఒకే హాస్టల్లో ఒకే అన్నం తిని, ఒకే సార్ల దగ్గర చదివాం. పదేళ్ల చదువు కంటే ఆ మూడు రోజులే మమ్మల్ని వేరు చేశాయి.

బడి అంటే పాఠమేనా?

"పరీక్షలయ్యాక పాఠాలు చెప్పరు కదా?" అని అడుగుతారు. నిజమే. పదో తరగతి చెప్పే సార్లలో చాలామంది ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్తారు. ఎండలు మండుతుంటాయి. ఖాళీ గదిలో ఊరికే కూర్చోబెడితే ఎవరికైనా విసుగే. అందుకే రోజంతా కూర్చోవాలని నేను అనను. మార్చి నడిమి నుంచి ఎలాగూ ఒంటిపూట బడులే. ఆ ఒక్క పూటలో చేయవలసిన పనులు మాత్రం చాలా ఉన్నాయి.

ముందుగా ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివేవారి సంగతి. వీరి వార్షిక పరీక్షలు ఏప్రిల్‌లో అయిపోతాయి, చివరి పనిదినం సాధారణంగా ఏప్రిల్ 23 ప్రాంతంలో ఉంటుంది. మధ్యలో దొరికే రోజుల్లోనే దిద్దిన పేపర్లు చేతికి వస్తాయి. ఏ లెక్క ఎక్కడ తప్పిందో చూసుకునే అవకాశం ఏడాదికి అదొక్కటే. అది చూడకుండా వెళ్లినవాడు ఆ తప్పునే పై తరగతికి మోసుకుపోతాడు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలని చెప్పింది. పరీక్షలయ్యాక వచ్చే పనిదినాలు కూడా ఆ లెక్కలోవే. అవి మన రోజులు, మన మధ్యాహ్న భోజనం. ఎందుకు వదులుకోవాలి?

ఇక పదో తరగతివారు. వీరికి పాఠాలు అక్కర్లేదు, దారి కావాలి. ఆ దారిలో మొదటి అడుగులు ఇవి:

1. టి.సి., స్టడీ సర్టిఫికెట్లు. ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల స్థానికత కోసం 4 నుంచి 10వ తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మనలో చాలామంది రెండు మూడు బడులు మారినవాళ్లం. అన్నీ తెచ్చుకోవడానికి రోజులు పడతాయి.

2. పేరు, పుట్టిన తేదీ. పదో తరగతి మెమోలో ఉన్న తేదీయే జీవితాంతం రుజువు. ఆధార్‌లో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి ఉంటే హెడ్‌మాస్టరు గారికి వెంటనే చెప్పాలి. హాల్ టికెట్ పారేయకూడదు.

3. ప్రవేశ పరీక్షలు. పాలిసెట్, రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల దరఖాస్తులు ఫలితాల దాకా ఆగవు. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. ఐ.టి.ఐ. కూడా ఉంది. ఏది ఎవరికి సరిపోతుందో సార్లను అడగాలి.

4. తప్పితే ఏం చేయాలి? ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఫీజు గడువు ముగుస్తుంది. అందులో పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. ఇది తెలియకే ఎందరో పొలానికి వెళ్లి అక్కడే ఆగిపోతున్నారు.

పట్నంలో చదువుకున్న ఇంటి పిల్లలకు ఈ విషయాలన్నీ అన్నం తినేటప్పుడు నాన్నో, అక్కో చెబుతారు. మనకు చెప్పేచోటు బడి ఒక్కటే. పరీక్షలయ్యాక ఆ పిల్లలు బడికి వెళ్లకపోయినా నష్టం లేదు, మనకు ఉంది. తేడా అక్కడే ఉంది.

చెల్లెళ్లకు ఒక మాట

ఎండాకాలం పెళ్లిళ్ల కాలం కూడా. బడికి వచ్చే అమ్మాయి రెండు రోజులు కనపడకపోతే టీచరు అడుగుతారు, స్నేహితురాళ్లు ఇంటికి వెళ్తారు. పరీక్షలయ్యాక ఊరికి పోయిన అమ్మాయి గురించి జూన్ దాకా అడిగేవారు ఉండరు. 2006 చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని అమ్మాయికి పెళ్లి చేయడం నేరం. 1098 నంబరుకు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. ఈ నంబరు ట్రంకు పెట్టె మూత లోపల రాసుకోండి.

పిల్లలు బడికి దూరమయ్యేది ఎక్కువగా వేసవిలోనే. దగ్గర చేయడానికీ అదే అదను. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1991లో శిబిరాలు మొదలుపెట్టి, పనిలో ఉన్న పిల్లలను చదివించి బడుల్లో చేర్చింది. ఆ కృషికి శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పనిలో ఉన్న పిల్లలనే బడికి తేగలిగినప్పుడు, బడిలో ఉన్న మనల్ని నాలుగు రోజులు నిలుపుకోవడం అసాధ్యమా?

కూలి మాటేమిటి?

ఇంటికి డబ్బు అవసరం. నేనూ కాదనను, కిలోల లెక్కన కూలి తీసుకున్నవాణ్ణే. ఆ నెలలో సంపాదించిన డబ్బుతోనే నా ఇంటర్ పుస్తకాలు, బట్టలు కొన్నాను. నేను చెప్పేది పనికి పోవద్దని కాదు. మూడు రోజులు ఆగి, కాగితాలన్నీ చేతికి తీసుకుని, గడువు తేదీలు రాసుకుని వెళ్లమని. అమ్మానాన్నలు కాదంటే సారుతో ఫోన్‌లో మాట్లాడించండి. మా నాయనకు అప్పుడు ఆ సంగతి ఒక్కరు చెప్పి ఉంటే తానే నన్ను ఆపేవాడు.

చివరగా, ఈ హాస్టల్‌లో చదివి ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చి దండలు వేయించుకుని వెళ్లడం సంతోషమే. దానితోపాటు పదో తరగతి ఆఖరి పరీక్ష మరునాడు ఒక్కరోజు రండి. ఒక్కొక్కరు ఐదుగురు పిల్లల పక్కన కూర్చుని దరఖాస్తులు నింపించండి. ఈ ఏడాది నేను వస్తున్నాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెట్టెలకు తాళం వేయకుండా ఉండండి.