పుట్టుకా, పెంపకమా?
హిజ్రాల విషయంలో విజ్ఞానశాస్త్రం, ఫిఖ్‌హ్

హౌరా–చెన్నై రైలుమార్గంలో పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం స్టేషన్ల మీదుగా ప్రయాణించేవారికి హిజ్రాలు కొత్తవారు కారు. చప్పట్లు చరచి చేయి చాచే ఆ మనిషికీ ఒక ఇల్లు, తల్లిదండ్రులు ఉండేవారన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. 2011 జనాభా లెక్కల్లో స్త్రీపురుషులుగా గాక ‘ఇతరులు’గా నమోదైనవారు దేశంలో 4,87,803 మంది, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. హిజ్రాల జమాతుల్లో ముస్లిం కుటుంబాల బిడ్డలూ ఉన్నారు. అలాంటి బిడ్డ కలిగిన తండ్రిని వేధించే ప్రశ్న ఒకటే: ఇది పుట్టుకతో వచ్చిందా, మా పెంపకంలో లోపమా?

శాస్త్రజ్ఞుల మాట

ముందుగా రెండు విషయాలను వేరుచేసి చూడాలి. శరీర నిర్మాణంలోనే స్త్రీపురుష లక్షణాలు కలగలిసి పుట్టేవారు కొందరు. ఫిఖ్‌హ్ గ్రంథాలలోని ‘ఖున్సా’ అనే పదం వీరికి వర్తిస్తుంది. వీరిలో పలువురి విషయంలో కారణం తెలిసినదే: క్రోమోజోముల్లోనో, హార్మోన్లలోనో ఉన్న తేడా. రెండవ కోవవారి శరీరం మామూలుగానే ఉంటుంది. తాము స్త్రీ అనో పురుషుడనో లోపల కలిగే భావన మాత్రం ఆ శరీరంతో పొసగదు. నేడు ట్రాన్స్‌జెండర్లని పిలుస్తున్నది ఎక్కువగా వీరినే. వాదోపవాదాలన్నీ వీరి గురించే.

పెంపకమే సర్వస్వమన్న వాదాన్ని అమెరికాలో జాన్ మనీ అనే మనస్తత్వవేత్త గట్టిగా ప్రచారం చేశాడు. కెనడాలో 1965లో పుట్టిన డేవిడ్ రైమర్‌కు పసితనంలో ఖత్నా చేస్తుండగా ప్రమాదం జరిగి అంగం పోయింది. మనీ సలహాపై తల్లిదండ్రులు అతన్ని ఆడపిల్లగా పెంచారు. ఆ పెంపకం ఫలించలేదు. నిజం తెలిసిన తరువాత, పద్నాలుగో ఏట, అతడు మగవాడిగా బ్రతకడానికే నిశ్చయించుకున్నాడు. 2004లో ప్రాణం తీసుకున్నాడు.

అయితే అంతా జన్యువులదేనా? అదీ నిలవదు. 2012లో వెలువడిన ఒక పరిశీలన, వైద్య పత్రికలకెక్కిన కవలల ఉదాహరణలను సమీకరించింది. ఒకే అండం నుండి పుట్టిన 23 జంటల్లో 9 జంటలలో ఇద్దరికీ ఈ స్థితి ఉంది; వేర్వేరు అండాల నుండి పుట్టిన 21 జంటల్లో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. పుట్టుకకు పాత్ర ఉందని మొదటి అంకె సూచిస్తుంది. కాని జన్యువులే సమస్తమైతే 23 జంటల్లోనూ ఇద్దరూ ఒకేలా ఉండవలసింది. పరిశీలించిన జంటలు కొద్దివే గనుక అంతకు మించి తీర్పు చెప్పలేము. ఈ స్థితిని నిర్ణయించే జన్యువు ఇదీ అని నేటి వరకు ఎవరూ చూపలేదు.

సమాజం పాత్ర వేరొకచోట స్పష్టంగా కనిపిస్తుంది. గురువు, చేలా సంబంధం, కొత్త పేరు, చీర, చప్పట్లు, యాచన – ఇవన్నీ సమాజం ఇచ్చిన రూపాలే. కాని వేషం మనిషి లోపలి స్వభావాన్ని మార్చదు. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల తూర్పు భాగోతంలో సత్యభామ వేషం పురుషులు కట్టడం పాత ఆనవాయితీ. వేషం విప్పిన తరువాత వారు ఎప్పటిలాగే తండ్రులు, భర్తలు.

ఫిఖ్‌హ్ అడిగిన ప్రశ్న

ఆడతీరు గల పురుషుణ్ణి హదీసులు ‘ముఖన్నస్’ అని పేర్కొన్నాయి. అలాంటి ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఇంటికి వస్తుండేవాడు. ఒకనాడు అతడు తాయిఫ్ స్త్రీ ఒకామె దేహాన్ని వర్ణించగా, ఇకపై అతన్ని లోనికి రానివ్వవద్దని ప్రవక్త (స) ఆదేశించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. నిషేధానికి కారణం అతని మాట. అంతకు ముందు అతని తీరును చూసి వారించలేదు.

దీనిని వివరిస్తూ ఇమాం నవవీ (మరణం హి. 676) ముఖన్నస్‌లను రెండు రకాలుగా విభజించారు. సృష్టిలోనే అలా ఉన్నవానిపై నింద లేదు, పాపం లేదు, శిక్ష లేదు. కావాలని స్త్రీల పోకడలను అనుకరించేవాడే హదీసులో శాపానికి గురైనవాడు. మొదటి రకం వ్యక్తి సైతం ఆ పోకడలను క్రమంగా మానుకొనే ప్రయత్నం చేయాలని ఇబ్నె హజర్ (మరణం హి. 852) షరతు జోడించారు. పాఠకులు ఒక విషయం గమనించాలి: ఈ ఇమాములు అడిగింది కారణం ఏమిటని కాదు, అది మనిషి ఎంచుకున్నదా కాదా అని.

శస్త్రచికిత్స విషయంలో ఉలమాల మధ్య భేదముంది. ఖున్సాకు చికిత్స ధర్మసమ్మతమనీ, సంపూర్ణ శరీరం గలవారికి లింగమార్పిడి తగదనీ మక్కాలోని ఫిఖ్‌హ్ మండలి 1989లో తీర్మానించింది. ఇరాన్‌లో ఆయతుల్లా ఖుమైనీ దానిని అనుమతించారు.

హక్కుల మాట

ఈ భేదాలు హక్కులను రద్దు చేయవు. స్త్రీయో పురుషుడో తేలని ఖున్సాకు సైతం హనఫీ ఫిఖ్‌హ్ నమాజులో పురుషుల వరుసకూ స్త్రీల వరుసకూ మధ్య చోటిచ్చింది. ఆస్తిలో రెండు వాటాలలో తక్కువదైనా ఇవ్వాలన్నది, అసలే లేదనలేదు. వారసత్వాన్ని ఆపే కారణాలుగా ఫిఖ్‌హ్ చెప్పినవి హత్య, మతభేదం, బానిసత్వం వంటివి. హిజ్రా కావడం వాటిలో లేదు. కొడుకు హిజ్రాలలో కలిశాడని వాటా ఎగ్గొట్టే అన్నదమ్ములకు షరీఅత్‌లో ఆధారం దొరకదు.

రాజ్యచట్టం దీనిని ఆలస్యంగా గ్రహించింది. నిజాం రాజ్యంలో 1919లో వచ్చిన చట్టం హిజ్రాలను అనుమానితులుగా రిజిస్టరులో కెక్కించింది. వారంటు లేకుండా అరెస్టుకు వీలిచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని శ్రీకాకుళం, విజయనగరాలకు అది వర్తించలేదు. తెలంగాణ హైకోర్టు 2023లో దానిని కొట్టివేసింది. అంతకు ముందే, 2014లో, సుప్రీంకోర్టు వారిని తృతీయ లింగ వర్గంగా గుర్తించింది. జన్యువుల వాదం తేలేవరకు అది ఆగలేదు.

కనుక ఆ తండ్రికి జవాబు ఇది: పెంపకంలో లోపమే కారణమని రుజువు లేదు. బిడ్డను వైద్యునికి చూపవచ్చు, విషయమెరిగిన ఆలిమ్‌ను అడగవచ్చు, మంచి చెప్పవచ్చు. ఇంటి నుండి వెళ్లగొట్టడం మాత్రం తగదు. ఆ బిడ్డ నమాజుకూ, వాటాకూ, చివరకు జనాజాకూ బాధ్యత కుటుంబానిదే. దాని గురించి అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవలసిందీ ఆ కుటుంబమే.