మూడు పేర్లు... ఏడు ఎన్నికలు!

ఓడరేవు కృష్ణపట్నంలో. ఎమ్మెల్యే సర్వేపల్లికి. కలెక్టరు నెల్లూరులో. ఎంపీ తిరుపతికి! ఇన్ని ఊళ్ల పేర్ల మధ్య నలిగే ఓటరు ముప్పై ఏళ్లుగా తీర్పు చెబుతున్నది మాత్రం ముగ్గురి మీదే. పార్టీలు మారాయి, ప్రభుత్వాలు మారాయి. సముద్రం ఒడ్డున బతుకే మారిపోయింది. బ్యాలెట్ మీద పేర్లు మాత్రం పెద్దగా మారలేదు. అదే సర్వేపల్లి నియోజకవర్గం కథ.

ముత్తుకూరు, తోటపల్లి గూడూరు, వెంకటాచలం, మనుబోలు, పొదలకూరు... 2009 ఎన్నికల నుంచి ఈ అయిదు మండలాలూ కలిస్తే సర్వేపల్లి. పెన్నా కాలువల కింద వరి, తీరం వెంట రొయ్యల గుంటలు, పొదలకూరు వైపు వెళితే నిమ్మ తోటలు. ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నంలో వలా పడవా నమ్ముకున్న మత్స్యకారులు. ఒకే నియోజకవర్గంలో ఇన్ని రకాల బతుకులు!

పేరు చిన్నదేం కాదు

వెంకటాచలం మండలంలోని సర్వేపల్లి గ్రామం పేరు దేశమంతటికీ తెలుసు. రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇంటిపేరు ఈ ఊరిదే. ఆయన పూర్వికులు ఇక్కడివారు. ఉపరాష్ట్రపతిగా చేసిన ముప్పవరపు వెంకయ్యనాయుడు పుట్టిన చవటపాలెం కూడా ఈ మండలంలోనిదే. ఆయన మాత్రం ఎమ్మెల్యేగా గెలిచింది ఉదయగిరి నుంచి, 1978లో, 1983లో.

గెలుపు మూడు... ఓటమి నాలుగు

1994లో ఎన్టీఆర్ గాలి రాష్ట్రాన్ని ఊపేసింది. అప్పుడు సర్వేపల్లిలో తెలుగుదేశం తరఫున గెలిచింది సోమిరెడ్డి చంద్రమోహన్‌రెడ్డి. 1999లోనూ ఆయనే. 2004లో కథ అడ్డం తిరిగింది. అంతకు ముందు అల్లూరు నుంచి తెలుగుదేశం ఎమ్మెల్యేగా ఉన్న ఆదాల ప్రభాకర్‌రెడ్డి కాంగ్రెస్ కండువాతో సర్వేపల్లికి వచ్చి సోమిరెడ్డిని ఓడించారు. 2009లో మళ్లీ అదే పోటీ, అదే ఫలితం.

2012లో సోమిరెడ్డి కోవూరు ఉప ఎన్నికలో అదృష్టం పరీక్షించుకున్నారు. అక్కడా ఓటమే. తిరిగి సొంత సీటుకు వస్తే, ఎదురుగా కొత్త ప్రత్యర్థి కాకాణి గోవర్ధన్‌రెడ్డి. జిల్లా పరిషత్ ఛైర్మన్‌గా పల్లెపల్లె తెలిసిన మనిషి. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా 5,446 ఓట్లతో గెలిచారు. 2019లో ఆధిక్యం 13,973కు పెరిగింది.

సర్వేపల్లిలో సోమిరెడ్డికి ఇది వరసగా నాలుగో ఓటమి. 2024లో తెలుగుదేశం మొదటి రెండు జాబితాల్లో ఆయన పేరు కనిపించకపోవడంతో ఆయన కథ ముగిసిందనుకున్నారు చాలామంది. మూడో జాబితాలో టికెట్ వచ్చింది. జూన్ 4న పెట్టెలు తెరిస్తే 16,288 ఓట్ల ఆధిక్యం! చివరిసారి ఇక్కడ గెలిచి అప్పటికి పాతికేళ్లు.

ఇద్దరూ వ్యవసాయ మంత్రులే

ఈ ఏడు ఎన్నికలనూ వరసగా పెట్టి చూస్తే ఓ సంగతి తేలుతుంది. ఆరుసార్లు సర్వేపల్లి గెలిపించిన పార్టీయే రాష్ట్రంలో గద్దెనెక్కింది. తేడా వచ్చింది ఒక్క 2014లోనే. అప్పుడు కూడా ప్రభుత్వానికి సర్వేపల్లి దూరం కాలేదు. గెలిచిన కాకాణి ప్రతిపక్షంలో కూర్చుంటే, ఓడిన సోమిరెడ్డి శాసనమండలికి వెళ్లి 2017లో వ్యవసాయ మంత్రి అయ్యారు. 2022లో అదే శాఖ కాకాణికి దక్కింది. అంటే 2024 పోటీ మంత్రికీ, మాజీ మంత్రికీ మధ్య. శాఖ ఒక్కటే!

రేవు వచ్చాక...

ఈ ముప్పై ఏళ్లలో కృష్ణపట్నం గుర్తుపట్టలేనంతగా మారింది. 2008 జులైలో కొత్త ఓడరేవు ప్రారంభమైంది. తర్వాత అదే ముత్తుకూరు మండలంలో నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం లేచింది. 800 మెగావాట్ల యూనిట్లు మూడు. ప్రైవేటు విద్యుత్ కేంద్రాలూ వచ్చాయి. 2020లో రేవు నవయుగ చేతి నుంచి అదానీ చేతికి వెళ్లింది.

దాంతో ఎన్నికల మాటలూ మారాయి. ఒకప్పుడు కాలువ నీళ్లు, పంట ధర. ఇప్పుడు వాటికి తోడు బూడిద, బొగ్గు దుమ్ము, భూములిచ్చిన వాళ్లకు ఉద్యోగాలు, మత్స్యకారుల వేట. 2024 ఎన్నికల వేళ రేవులోని కంటైనర్ టెర్మినల్ తరలిపోతోందన్న వివాదం రాజుకుంది. ఊరి నుంచి కనిపించే ఓడల లెక్క ఓట్ల లెక్కలోకి వచ్చింది.

ఆఖరికి మందు కూడా రాజకీయమే అయింది. 2021 మేలో కరోనా మందు కోసం కృష్ణపట్నానికి జనం వేలల్లో తరలివచ్చారు. ఆనందయ్య మందు పేరు దేశమంతా మోగింది. పంపిణీ ఆగి, మళ్లీ జూన్‌లో మొదలైనప్పుడు ముందుగా ఇచ్చింది సర్వేపల్లి నియోజకవర్గం వారికే. ఆ మందు చుట్టూ అధికార, ప్రతిపక్ష నేతల మాటల యుద్ధం నడిచింది.

ఒకే పేర్లు... ఒకే ప్రశ్నలు

2022లో జిల్లాలు విడిపోయినప్పుడు సర్వేపల్లి నెల్లూరులోనే మిగిలింది. పార్లమెంటు ఓటు మాత్రం 2009 నుంచీ తిరుపతికే. 2024లో అసెంబ్లీకి తెలుగుదేశాన్ని పంపిన సర్వేపల్లికి, లోక్‌సభలో వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీ గురుమూర్తి ప్రతినిధి. ఒకే రోజు వేసిన రెండు ఓట్లు, రెండు పార్టీల ప్రతినిధులు!

ఏళ్ల తరబడి అవే పేర్లంటే ఓటరుకు వేరే గతి లేదని కొట్టిపారేయొచ్చు. కానీ ఇందులో ఓటరుకు ఓ వెసులుబాటుంది. కొత్త మనిషైతే 'నాకు తెలియదు' అని తప్పించుకుంటాడు. ముప్పై ఏళ్లుగా తెలిసిన మనిషికి ఆ సాకు చెల్లదు. రేవు వచ్చినప్పుడు ఎవరున్నారో, భూములు పోయినప్పుడు ఎవరేమన్నారో ఊరికి గుర్తే. 2004లో దించేసిన మనిషినే 2024లో ఎక్కించింది సర్వేపల్లి. అధికారంలో ఉన్న మంత్రినే ఇంటికి పంపింది.

కృష్ణపట్నంలో బొగ్గు ఓడలు వస్తూనే ఉంటాయి. అయిదేళ్లకోసారి ఓట్ల పండగా వస్తుంది. బూడిద పడని పొలం, చేప దొరికే సముద్రం, ఊళ్లో కుర్రాడికి ఊళ్లోనే ఉద్యోగం... ఈ మూడింటిలో ఎన్ని తెచ్చారన్నదే రేపటి అభ్యర్థికి ఎదురయ్యే ప్రశ్న. ఆ అభ్యర్థి పాత కాపే అయితే జవాబు మరింత గట్టిగా చెప్పాలి!