ధరలు పెరిగినప్పుడు బిట్‌కాయిన్ ఆదుకుంటుందా? వర్లి చాల్‌ల వైపు ఒకసారి చూద్దాం



ఈసారి ఆకు సంగతి, మందుల సంగతి కాదు. గూళ్లు అమ్మాక చేతికొచ్చే డబ్బు సంగతి. కొన్నాళ్లుగా మన గ్రూపులో ఒకటే వాదన నడుస్తోంది. కొందరు అంటున్నది ఇది: "కూలి పెరిగింది, చాకీ రేటు పెరిగింది, బ్లీచింగ్ పెరిగింది, ఇంట్లో పప్పు నూనె పెరిగాయి. బ్యాంకులో వేసిన రూపాయి ఏటికేడు కరిగిపోతోంది. బిట్‌కాయిన్ అయితే ఎవరూ కరిగించలేరు." ఇంకొందరిది ఒక్కటే మాట: "అది మట్కా, దాని జోలికి పోవద్దు."

ఈ మట్కా అనే మాట పట్టుకునే మొదలుపెడదాం. ఎందుకంటే మట్కా పుట్టింది ముంబైలో, వర్లి పేరుతో. ఆ వర్లిలోనే మన తెలుగు కార్మికులు రెండు మూడు తరాలుగా ధరల పెరుగుదలతో పోరాడారు. కాబట్టి మన వాదనకు పనికొచ్చే లెక్క అక్కడ దొరుకుతుంది.

ముంబైకి తెలుగువాళ్లు పోవడం ఈనాటిది కాదు. కామాఠీపుర అనే పేరే అక్కడికి ఇళ్లు కట్టే పనులకు వెళ్లిన తెలుగు కామాఠీల వల్ల వచ్చింది. తర్వాత బట్టల మిల్లులు లేచాక తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు పెద్ద సంఖ్యలో వెళ్లారు. సొంత మగ్గం వదిలి మిల్లు మగ్గం పట్టినవాళ్లు. వర్లి, లోయర్ పరేల్, ప్రభాదేవి వైపు చాల్‌లలో ఉన్నారు. వర్లిలో 1920ల్లో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించిన చాల్‌లను ఇప్పటికీ బీడీడీ చాల్‌లనే అంటారు. ఒక్కో గది 160 చదరపుటడుగులు. మన చాకీ గది అంతకంటే పెద్దగానే ఉంటుంది. అందులోనే కాపురం, అందులోనే ఊరి నుంచి వచ్చిన చుట్టాలు.

అప్పట్లో ఆ నగరంలో ఒక జూదం ఉండేది, ఆంకడా అనేవాళ్లు. న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజిలో పత్తి ఏ ధర దగ్గర మొదలైంది, ఏ ధర దగ్గర ముగిసింది అన్నది తంతి ద్వారా బొంబాయికి వచ్చేది. ఆ అంకెల మీద పందెం. పందెం కాసేవాడి దగ్గర పత్తి ఉండదు, కొనే పనీ లేదు, వాడికి కావలసింది అంకె ఒక్కటే. 1961లో న్యూయార్క్ నుంచి ఆ అంకెలు రావడం ఆగిపోయింది. పందెం మాత్రం ఆగలేదు. 1962లో కల్యాణ్‌జీ భగత్ అనే ఆయన వర్లి మట్కా మొదలుపెట్టాడు. పత్తి ధర బదులు కుండలోంచి తీసే చీటీ, ఆ తర్వాత పేకముక్కలు. 1964లో రతన్ ఖత్రీ న్యూ వర్లి మట్కా పెట్టాడు. పత్తి పోయినా ఓపెన్, క్లోజ్ అనే మాటలు మిగిలాయి చూడండి, అవి పత్తి బజారు మాటలే. మిల్లుల చుట్టుపక్కల అడ్డాలు లేచాయి, జీతం రోజున కార్మికుల డబ్బు అక్కడికి చేరేది.

మట్కాలో సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు. సరైన అంకె చెప్పినవాడికి రూపాయికి తొమ్మిది రూపాయలు. పదిలో ఒక వంతు అవకాశానికి తొమ్మిదంతలు ఇస్తే, ఎక్కువ రోజులు ఆడినకొద్దీ రూపాయికి పది పైసలు నిర్వాహకుడికి పోతూనే ఉంటాయి. ఎంత తెలివైనవాడు ఆడినా లెక్క మారదు.

అదే కార్మికుడి జీతంలో ఇంకో అంకె ఉండేది. కరువు భత్యం. మరాఠీలో మహాగాయీ భత్తా. ఇది ముంబై కార్మికుల జీవన వ్యయ సూచీతో ముడిపడి ఉండేది. బియ్యం, పప్పు, కిరసనాయిలు, బట్ట ధరలు పెరిగితే సూచీ పెరుగుతుంది, సూచీ పెరిగితే భత్యం పెరుగుతుంది. ధరల పెరుగుదలకు నేరుగా విరుగుడు అంటే ఇది. దీనికోసం కార్మికులు ఎంత పట్టుగా ఉన్నారంటే, సూచీ అసలు ధరల్ని తక్కువ చేసి చూపిస్తోందని 1963లో సంఘాలు గొడవకు దిగాయి. ప్రభుత్వం ఆర్థికవేత్త డి.టి. లక్డావాలా అధ్యక్షతన కమిటీ వేయాల్సి వచ్చింది. కార్మికుల మాటలో నిజముందని ఆ కమిటీ తేల్చింది.

అయితే ఆ భత్యం ఉద్యోగం ఉన్నంతకాలమే. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది బయటికొచ్చారు. లక్షకు పైగా మళ్లీ లోపలికి పోలేకపోయారు. సూచీ ఎంత పెరిగితే ఏం లాభం, భత్యం ఇచ్చే మిల్లే లేనప్పుడు. చాలామంది ఊళ్లకు తిరిగొచ్చారు.

ఉన్నవాళ్లకు ఆఖరికి కలిసొచ్చింది ఎవరూ పెట్టుబడి అనుకోనిది, ఆ 160 అడుగుల గది. బీడీడీ చాల్‌ల స్థానంలో కొత్త భవనాలు కట్టి ఒక్కో కుటుంబానికి 500 చదరపుటడుగుల ఇల్లు ఇస్తున్నారు. వర్లిలో మొదటి 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో తాళాలు అందాయి. నలభై ఏళ్లకు పైగా పట్టుకుని కూర్చోగలిగినవాళ్ల సంగతి అది. మధ్యలో డబ్బు అవసరమై గది వదులుకున్నవాడికి ఏమీ రాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు బిట్‌కాయిన్‌కు వద్దాం. దాన్ని మట్కా అనేయడం సరికాదని నా అభిప్రాయం. మట్కాలో నిర్వాహకుడు ఉంటాడు, కుండ వాడి చేతిలో ఉంటుంది. బిట్‌కాయిన్‌కు అలాంటి యజమాని లేడు. మొత్తం 2 కోట్ల 10 లక్షల నాణేలకు మించి రావు. సుమారు నాలుగేళ్లకోసారి కొత్తగా పుట్టేవి సగానికి తగ్గుతాయి, 2024 ఏప్రిల్‌లో నాలుగోసారి తగ్గాయి. ప్రభుత్వాలు నోట్లు ఎక్కువ అచ్చేస్తే డబ్బు విలువ పడిపోతుంది, దీన్ని మాత్రం ఎవరూ అచ్చేయలేరు అనే వాదన ఇక్కడి నుంచి వచ్చింది. వాదనలో బలం ఉంది.

కానీ సరుకు తక్కువుంటే ధర నిలబడుతుందా? మార్కెట్‌కు గూళ్లు తీసుకెళ్లే మనకు ఈ జవాబు ఎవరూ చెప్పక్కర్లేదు. లాట్‌లు తక్కువున్నా సరే, రీలర్లు రాని రోజు రేటు ఎట్లా పడిపోతుందో చూసే ఉంటారు. సరుకు పరిమితి ఒక వైపు, కొనేవాళ్ల చేతిలో డబ్బు రెండో వైపు. బిట్‌కాయిన్‌లో మొదటిది కదలదు, రెండోది రోజూ కదులుతుంది.

2022 చూడండి. ధరల నుంచి బిట్‌కాయిన్ కాపాడుతుందా అన్న ప్రశ్నకు అంతకంటే మంచి పరీక్ష ఇంకోటి లేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మన దేశంలో ద్రవ్యోల్బణం 7.79 శాతం. జూన్‌లో అమెరికాలో 9.1 శాతం, నలభై ఏళ్లలో అంత లేదు. బిట్‌కాయిన్ చెప్పినట్టు పనిచేసేదైతే ఆ ఏడాదే పెరగాలి. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దగ్గరున్నది 2022 నవంబరుకు 16 వేల దరిదాపులకు వచ్చింది. మన రూపాయల్లో చెప్పాలంటే, పై ధరలో లక్ష పెట్టినవాడికి ఏడాది తిరిగేసరికి పాతికవేలు మిగిలాయి. సరిగ్గా కందిపప్పు, నూనె, డీజిల్ మండుతున్న రోజుల్లో.

ఎందుకలా? ధరలు పెరిగితే వాటిని అదుపు చేయడానికి కేంద్ర బ్యాంకులు వడ్డీ పెంచుతాయి. మన ఆర్‌బీఐ 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. అమెరికా ఇంకా ఎక్కువ పెంచింది. అప్పు ఖరీదవుతుంది, డిపాజిట్‌కు ఎక్కువ వడ్డీ వస్తుంది. అప్పుడు పెద్ద మదుపరులు ముందుగా వదిలేసేది ప్రమాదం ఎక్కువున్న వాటినే. అంటే మన వంటింట్లో ధర పెరగడానికి, బిట్‌కాయిన్ పడిపోవడానికి కారణం ఒకే చోట నుంచి రావచ్చు. చాల్‌లోని కరువు భత్యం ధరలతో కలిసి పైకి పోయేది. ఇది వాటికి ఎదురుగా కూడా పోగలదు.

ఓపిక పట్టినవాడి సంగతేంటి అంటారు. నిజమే. అదే బిట్‌కాయిన్ 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది. 2021లో పై ధరలో లక్ష రూపాయలు పెట్టి, మూడేళ్లు కదలకుండా కూర్చున్నవాడికి లక్షా 65 వేల దాకా అయింది. అందులో లాభం మీద పన్ను పోను లక్షా 45 వేలు. మంచి రాబడే. కానీ కూర్చోగలగాలి, చాల్ గదిలాగే.

మన డబ్బుకు ఆ ఓపిక ఉందా? గూళ్లు దించిన వారంలో అమ్మకపోతే రెక్కల పురుగు బయటికొస్తుంది. అమ్మిన డబ్బు మళ్లీ చాకీకి, తోట ఎరువుకు, కూలీలకు కట్టాలి. మధ్యలో ఒక పంట సున్నపుకట్టుకో పాలరోగానికో పోతే, దాచుకున్నది బయటికి తీయాలి. 2025 అక్టోబరు మొదట్లో బిట్‌కాయిన్ లక్షా 25 వేల డాలర్లు దాటింది, నవంబరు మూడో వారానికి 90 వేల కిందికి పడింది. ఆరు వారాలు. రెండో పంట చాకీ డబ్బు కట్టే సమయానికి మీ లక్ష డెబ్బై వేల చిల్లర అయి ఉండేది. ఆ తర్వాత లేస్తుందా లేదా అన్నది వేరే విషయం, పురుగులు ఆగవు కదా.

బంగారం కూడా పడుతుంది, నేను కాదనను. కానీ 2025లో పది గ్రాములు లక్ష దాటింది అని పక్కన పెట్టినా, అవసరమైన రోజున అమ్మకుండానే బ్యాంకులో కుదువ పెట్టి డబ్బు తెచ్చుకోవచ్చు. మన పంటకాలానికి ఆ ఒక్క సౌకర్యం చాలా పెద్దది.

చట్టం సంగతి కొంత. మన దేశంలో క్రిప్టో నిషేధం లేదు, అది చెల్లుబాటయ్యే డబ్బూ కాదు. బ్యాంకులు వీటి వ్యాపారానికి సేవలు ఇవ్వకూడదని ఆర్‌బీఐ 2018లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్. మీ మిగతా ఆదాయం పన్ను పరిధికి రాకపోయినా ఇది కట్టాల్సిందే. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేయడానికి లేదు. ఆ ఏడాది జూలై నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ కూడా. నాలుగుసార్లు కొని అమ్మితే ఎంత పోతుందో మట్కా లెక్కలాగే వేసుకోండి.

ఇంకో ప్రమాదం ధరతో సంబంధం లేనిది. ముంబైలోనే మొదలైన వజీర్ఎక్స్ అనే ఎక్స్ఛేంజి నుంచి 2024 జూలై 18న సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగలు ఎత్తుకుపోయారు. ఖాతాదారుల సొమ్ము ఏడాదికి పైగా ఇరుక్కుపోయింది. బ్యాంకు డిపాజిట్‌కు ఐదు లక్షల దాకా బీమా ఉంటుంది, ఇక్కడ అది లేదు.

మరి క్రిప్టోకు భవిష్యత్తే లేదా? ఉందనే అనుకుంటున్నాను, కానీ మనకు చెబుతున్న కారణానికి కాదు. అర్జెంటీనాలో 2023లో ద్రవ్యోల్బణం 211 శాతం. అప్పుడు అక్కడి జనం డాలర్‌తో విలువ కట్టిన నాణేలు కొని దాచుకున్నారు, వాళ్ల కరెన్సీలో ఉంచితే నెలల్లో సగం పోయేది కాబట్టి. వాళ్లకు అది అవసరమైంది. మన దగ్గర ఆర్‌బీఐ లక్ష్యం 4 శాతం, 2025 అక్టోబరులో సూచీ 0.25 శాతమే చూపించింది. "మా షెడ్డులో ఖర్చు మాత్రం తగ్గలేదే" అంటారు. నిజం, సూచీలో చాకీ రేటు లేదు. 1963లో మిల్లు కార్మికులు అడిగిందీ ఇలాంటిదే, ఎవరి ఖర్చుతో సూచీ కడుతున్నారని. ఆ ప్రశ్న గూళ్ల రేటు దగ్గర, ప్రోత్సాహకాల దగ్గర మనం సంఘంగా అడగాల్సినది. ఫోనులో యాప్ దానికి జవాబివ్వదు. అన్నట్టు, 2022 డిసెంబరులో ఆర్‌బీఐ ముంబై సహా నాలుగు నగరాల్లో మొదలుపెట్టిన ఈ-రూపీని కొందరు క్రిప్టో అనుకుంటున్నారు. అది రూపాయే, ఫోనులో ఉంటుంది, పెరగదు, తరగదు.

కుర్రాళ్లు ఉబలాటపడి కొంటామంటే ఇంట్లో గొడవ అక్కర్లేదు. చాకీకి, కూలికి, బ్యాంకు కిస్తీకి, పిల్లల ఫీజుకు పక్కన పెట్టాక మిగిలి, మూడు నాలుగేళ్లు అడగనక్కర్లేని డబ్బు ఏమైనా ఉంటే, అందులో మొత్తం పోయినా పంట ఆగని భాగం మాత్రమే పెట్టమనండి. అప్పు తెచ్చి, చిట్టీ పాడి, బంగారం కుదువపెట్టి మాత్రం వద్దు.

యాప్ పెట్టుకునే ముందు అది ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైందో లేదో చూసుకోండి, 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజిలన్నీ ఆ నిబంధన కిందికి వచ్చాయి. నెలకు ఇంత శాతం గ్యారంటీ అని గ్రూపులో లింకు వస్తే అది క్రిప్టోనే కాదు, మోసం. గెయిన్‌బిట్‌కాయిన్ పథకంలోనూ నెలకు పది శాతం అనే ఆశతోనే జనం డబ్బు పోశారు. ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్ చెరిపేయకుండా ఉంచండి.