తోటలో ఇంటికి వైఫై: రూటర్ కొనే ముందు చూసుకోవాల్సినవి



మనలో చాలామంది ఇప్పుడు దళారి లేకుండా నేరుగా అమ్ముకుంటున్నాం. బియ్యం, బెల్లం, గానుగ నూనె, మామిడి... ఏదైనా సరే ఆర్డరు వచ్చేది వాట్సాప్‌లో, డబ్బు పడేది ఫోన్లో. కొనేవాళ్లు "పండు ఒకసారి వీడియో కాల్‌లో చూపించండి" అంటారు. సరిగ్గా అప్పుడే ప్యాకింగ్ షెడ్డులో ఫోన్ మీద చక్రం గిర్రున తిరుగుతా ఉంటే ఆ ఆర్డరు ఇంకొకరికి పోతుంది. మామిడి సీజను ఎన్నాళ్లో మీకు చెప్పక్కర్లేదు. అందుకే ఈసారి కషాయాలు పక్కనపెట్టి రూటర్ గురించి మాట్లాడుకుందాం.

ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. ఇంట్లో బాక్సు పక్కనే నిలబడి ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెట్టి ఆ అంకె రాసుకోండి. తర్వాత షెడ్డులోకి వెళ్లి మళ్లీ పెట్టండి. బాక్సు దగ్గరే స్పీడు రాకపోతే తప్పు కనెక్షన్‌ది. అక్కడ బాగా వచ్చి షెడ్డులో రాకపోతే కనెక్షన్‌ది ఏ తప్పూ లేదు, వైఫై అందట్లేదు, అంతే. ఈ తేడా తెలియక చాలామంది నెలనెలా ఎక్కువ డబ్బు కట్టి పెద్ద ప్లానుకు మారుతున్నారు. బోరులో నీళ్లు పుష్కలంగా ఉండి చివరి డ్రిప్పు లైనుకు ప్రెషర్ అందకపోతే ఇంకో బోరు వేస్తామా? పైపు సంగతి చూస్తాం కదా. ఇదీ అంతే.

ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లకు కంపెనీవాళ్లు బిగించిన బాక్సులోనే చాలావరకు వైఫై కూడా ఉంటుంది. దాని మీద ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలిగిందంటే ఫైబర్ లైను ఎక్కడో తెగింది, లేదా బాగా మడత పడింది. అలాంటప్పుడు ఎంత ఖరీదైన రూటర్ కొన్నా లాభం లేదు, లైన్‌మ్యాన్‌ను పిలవాల్సిందే. బాక్సులోకి వచ్చే సన్న తీగను మాత్రం గట్టిగా వంచకండి. ఎలుకలకు కూడా అందకుండా చూసుకోండి. ధాన్యం బస్తాలు ఉన్న గదిలో ఆ బాక్సు పెట్టించుకోవడం ఎలుకలను భోజనానికి పిలవడమే.

ఇక వైఫైలో రెండు రకాల తరంగాలు వాడతారు. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది, గోడలు కూడా కొంత మేరకు దాటుతుంది, స్పీడు మాత్రం తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌ది స్పీడు ఎక్కువ, కానీ రెండు గోడలు అడ్డం వస్తే నీరసపడిపోతుంది. ఇంట్లో పిల్లల చదువుకు, వీడియోలకు 5 మంచిది. పశువుల కొట్టానికి, షెడ్డుకు 2.4 నయం. కొట్టంలో పెట్టుకునే చిన్న వైఫై కెమెరాలు చాలావరకు 2.4 మీదే పనిచేస్తాయి. రెండింటికీ ఒకే పేరు ఉంటే కెమెరా బిగించేటప్పుడు ఒక్కోసారి మొరాయిస్తుంది. కాబట్టి సెట్టింగ్స్‌లో రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టుకోండి. పట్నంలో అపార్టుమెంట్లలో ఇరవై వైఫైలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మనకు ఆ గొడవ లేదు, తోటలో ఉన్నందుకు అదొక లాభం.

కొనేటప్పుడు యాంటెనాలు లెక్కపెట్టకండి. నాలుగు కొమ్ములుంటే నాలుగింతల దూరం పోదు. బాక్సు మీద "లాంగ్ రేంజ్" అని రాసినా నేనైతే పెద్దగా పట్టించుకోను. ఎందుకంటే రూటర్ ఎంత బలంగా పంపాలన్నదానికి ప్రభుత్వ నిబంధనల్లో పరిమితి ఉంది. పైగా ఇది రెండు వైపులా జరిగే మాట. రూటర్ గట్టిగా అరిచినా, తిరిగి జవాబు చెప్పాల్సిన ఫోన్ గొంతు చిన్నది. ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా కనపడినా వీడియో కదలకపోవడానికి ఇదొక కారణం. డ్యూయల్ బ్యాండ్ ఉండాలి, మీ ప్లాను 100 ఎంబీపీఎస్ దాటితే గిగాబిట్ పోర్టులు ఉండాలి. వైఫై 6 ఉన్నదానికి ధరలో పెద్ద తేడా లేకపోతే అదే తీసుకోండి. మన అవసరాలకు ఇంతకు మించి అక్కర్లేదు.

ఎక్కడ పెట్టాలన్నది ఏది కొన్నామన్న దానికంటే ముఖ్యం. యాంటెనా నిలువుగా ఉంటే సిగ్నల్ దాని చుట్టూ గారె ఆకారంలో పరుచుకుంటుంది. పక్కలకు బాగా పోతుంది, నేరుగా పైకీ కిందికీ తక్కువ. కాబట్టి బీరువా వెనక, టీవీ వెనక, నేల మీద కాకుండా మనిషి ఛాతీ ఎత్తుకు పైన, షెడ్డు వైపు ఉన్న గదిలో పెట్టండి. ఇనుప రేకులు సిగ్నల్‌ను వెనక్కి కొడతాయి. నీళ్ల ట్యాంకు, తడిసిన ఆకులు, మందపాటి మట్టి గోడ దాన్ని మింగేస్తాయి. ఎండాకాలంలో కొట్టం దాకా అందిన వైఫై వానాకాలంలో అందకపోతే ఆశ్చర్యపోకండి, మధ్యలో చెట్లు చిగురేసి గుబురుగా పెరిగాయి మరి.

షెడ్డు 50, 60 మీటర్ల దూరంలో ఉంటే చాలామంది రిపీటర్ కొంటారు. తెచ్చి సిగ్నల్ అసలు రాని షెడ్డులోనే పెడతారు! దానికే అందనిది అది ఎవరికి పంచుతుంది? సిగ్నల్ ఇంకా బాగున్న చోట, మధ్యలో పెట్టాలి. అలా పెట్టినా మామూలు రిపీటర్‌తో స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది. అంతకంటే కేబుల్ లాగి షెడ్డులో ఇంకో రూటర్ పెట్టుకోవడం మేలు. ఇంట్లో మూలన పడున్న పాతదైనా పనికొస్తుంది. క్యాట్ 6 కేబుల్, బయట ఎండకు తట్టుకునే రకం, పైపులో వేసి పాతండి. మోటారు కరెంటు వైరుతో కలిపి ఒకే పైపులో వేయొద్దు. ఈ కేబుల్ 100 మీటర్ల వరకే.

రెండో రూటర్ సెట్టింగ్ వీడియోలో చూపించాం, ఇక్కడ క్లుప్తంగా రాస్తున్నా. కేబుల్ తగిలించే ముందు ఫోన్‌ను ఆ రూటర్ వైఫైకి కలిపి బ్రౌజర్‌లో 192.168.0.1 లేదా 192.168.1.1 కొట్టండి. సరైన అంకె రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. లోపల "యాక్సెస్ పాయింట్ మోడ్" ఉంటే అది ఎంచుకుంటే సరిపోతుంది. లేకపోతే దాని చిరునామాను మొదటి బాక్సుతో కలవకుండా 192.168.1.2 లాగా మార్చి, డీహెచ్‌సీపీ ఆపేసి, కేబుల్‌ను వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టండి. మొదటి బాక్సు 192.168.0.1 అయితే రెండోదానికి 192.168.0.2 ఇవ్వాలి. రెండు చోట్లా ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇస్తే నడుస్తూ వెళ్లినప్పుడు ఫోన్ దానంతటదే మారుతుంది.

పిడుగుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. రెండు కట్టడాల మధ్య రాగి కేబుల్ ఉంటే పిడుగు దగ్గర్లో పడినప్పుడు రెండు వైపులా బాక్సులు కాలిపోవచ్చు. ఫైబర్ తీగ గాజుది, కరెంటు పారదు. అందుకే దూరం 100 మీటర్లు దాటినా, మీ ఊళ్లో పిడుగులు ఎక్కువైనా ఇంటికీ షెడ్డుకీ మధ్య ఫైబర్ వేసి రెండు చివరలా మీడియా కన్వర్టర్లు పెట్టించుకోవడం మంచిది. ఉరుములు మొదలవగానే ప్లగ్గులు తీసేయడం అందరికీ అవసరమే, ఎందుకంటే కరెంటు లైను నుంచి కూడా వస్తుంది.

కరెంటు పోయినప్పుడు నెట్ ఆగకుండా రూటర్‌కు మినీ యూపీఎస్ దొరుకుతుంది. అడాప్టర్ మీద వోల్టు, యాంప్ ఎంతో చూసుకుని అదే తెచ్చుకోండి. చాలావాటికి 12 వోల్టులు, కొన్నింటికి 9. ఫైబర్ బాక్సు, రూటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ బ్యాకప్ కావాలి, ఒక్కదానికే పెడితే ఉపయోగం లేదు. సోలార్ బ్యాటరీ 12 వోల్టులదే కదా అని నేరుగా తగిలించకండి, ఛార్జింగ్ అయ్యేటప్పుడు అది 14 దాటుతుంది. మధ్యలో వోల్టేజ్ నిలకడగా ఇచ్చే కన్వర్టర్ ఉండాలి.

రూటర్ వెనక చిన్న రంధ్రంలో ఉండే రీసెట్‌ను ఊరికే నొక్కొద్దు. కంపెనీవాళ్లు ఎక్కించిన యూజర్ పేరు, పాస్‌వర్డ్, విల్యాన్ నంబరు అన్నీ చెరిగిపోతాయి. బిగించిన రోజే వాటిని అడిగి పుస్తకంలో రాసి పెట్టుకోండి. లోపలికి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉంచండి. మన తోటలకు శిక్షణ రోజుల్లో నలభై యాభై మంది వస్తుంటారు, అందరూ వైఫై అడుగుతారు, కాదనలేం. వాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి. కార్యక్రమం అయ్యాక ఆపేయండి. అలా చేస్తే మీ కెమెరాల జోలికి ఎవరూ పోలేరు.

వీడియోలు తీసి పెట్టేవాళ్లు ప్లాను తీసుకునేటప్పుడు డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్ ఎంతో అడగండి. 1 జీబీ వీడియో ఎక్కడానికి 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే సుమారు 7 నిమిషాలు, 2 మాత్రమే ఉంటే గంట దాటుతుంది.

ఫైబర్ ఇంకా రాని ఊళ్లలో సిమ్ వేసే 4జీ రూటర్ ఒక దారి. కొనే ముందు అన్ని కంపెనీల సిమ్‌లు ఎవరివైనా అడిగి, మీ ఇంట్లోనే పొద్దున ఒకసారి, రాత్రి 8 గంటలకు ఒకసారి స్పీడ్ టెస్ట్ చేసి చూడండి. రాత్రి కూడా నిలబడిన సిమ్ తీసుకోండి. రూటర్‌ను టవర్ వైపు కిటికీలో, కుదిరితే మేడ మీద గదిలో పెట్టండి. బయటి యాంటెనా తగిలించుకునే వీలున్న మోడల్ అయితే తర్వాత చెట్లు పెరిగినా ఇబ్బంది ఉండదు.