నిలకడ తప్పిన ఇంజను

విశాఖపట్టణమునుండి అరకు పోవు త్రోవ పెందుర్తి మీదుగా సాగి, కొత్తవలస, శృంగవరపుకోట దాటి అనంతగిరి కొండల నెక్కును. ఆనందపురమునుండి అనకాపల్లికి పోవు జాతీయ రహదారియు పెందుర్తి మీదుగనే సాగుచున్నది. తెల్లవాఱక మునుపే ఈ త్రోవలలో కూరగాయల బుట్టలతోను, పాల క్యానులతోను, ఇటుకలతోను నిండిన చిన్న డీజిలు బండ్లు బారులు తీరును. వీనినే జనులు పికప్ వ్యానులందురు. బజారు తెఱచు వేళకు సరకు చేరవలయును; చేరనిచో కూర వాడును, ధర పడును. పెక్కు బండ్లకు యజమానియే డ్రైవరు. బండి అప్పుమీద కొన్నదై యుండుటయు కద్దు. కావున ఇంజనుకు వచ్చిన చిన్న జబ్బయినను ఒక కుటుంబమునకు పెద్ద చిక్కు.

అట్టి జబ్బులలో నొకదానిని గూర్చి ఇచట చెప్పుకొందము. బండి బయలుదేరునపుడు బాగుగనే యుండును. నిలిచియున్నపుడు ఇంజను సమముగనే ఆడును. కాని చదునైన రహదారిపై గంటకు 60 కిలోమీటర్ల వేగమందుకొని, డ్రైవరు పాదము కదపక కూర్చున్నపుడు బండి తనంత తాను ముందుకు దుముకును, మఱుక్షణమున ఎవరో వెనుకనుండి పట్టి లాగినట్లు మందగించును, మఱల దుముకును. ఇంజను చప్పుడు హెచ్చుచు తగ్గుచు నుండును. మెకానిక్కులు దీనిని హంటింగు అందురు. ముందొక బస్సు పోవుచుండగా వెనుకనున్న బండి తనంత దుమికినచో ఏమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ లక్షణము వినినంతనే “పంపు పోయినది, మార్చవలె”నని తీర్పు చెప్పువారు కలరు. డీజిలును ఇంజనులోనికి నెట్టు పంపు బండియందలి ఖరీదైన వస్తువులలో నొకటి. దానిని మార్చిన పిమ్మటను జబ్బు అట్లే యున్నచో ఆ డబ్బు తిరిగి యిచ్చువారెవరు? కనుక ఏది తప్పో కనుగొను పద్ధతి యెఱుగుట మంచిది. అందులకు డీజిలు ఇంజను స్వభావము కొంత తెలియవలయును.

రుడాల్ఫ్ డీజిలు అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున తన యంత్రమును జయప్రదముగ నడిపి చూపెను. పెట్రోలు ఇంజనులోవలె దీనిలో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. సిలిండరులోనికి వట్టి గాలి వచ్చును. పిస్టను దానిని పదునాఱవ వంతునకో, అంతకన్న తక్కువకో కుదించి నొక్కును. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగు వేడెక్కుట మీరెఱిగినదే. ఇచటను అట్లే గాలి వేడెక్కును. ఆ వేడి 500 డిగ్రీల సెంటీగ్రేడును మించును. అట్టి గాలిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మినంతనే అది అంటుకొని పిస్టనును నెట్టును. ఎంత డీజిలు చిమ్మిన అంత బలము. పాదము కదలకయే బలము మాఱుచున్నదనగా, చాలవఱకు, చిమ్మబడు డీజిలు మాఱుచున్నదని యర్థము.

ఆ డీజిలు ఎంతటి స్వల్పమో ఒక లెక్క వేసి చూతము. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు బండి గంటకు 60 కిలోమీటర్లు పోయినచో గంటకు 4 లీటర్లు త్రాగును. దాని ఇంజనుకు నాలుగు సిలిండర్లున్నవనియు, అది నిమిషమునకు 2,000 మార్లు తిరుగుచున్నదనియు అనుకొందము. ప్రతి సిలిండరు రెండు చుట్లకొక మాఱు డీజిలు పుచ్చుకొనును. నిమిషమునకు 4,000 చిమ్ములు, గంటకు 2,40,000. నాలుగు లీటర్లను ఆ సంఖ్యచే భాగించినచో ఒక్కొక్క చిమ్ముకు వచ్చునది మిల్లీలీటరులో అఱువదవ వంతు. అనగా ఒక నీటిబొట్టులో ఇంచుమించు మూడవ వంతు! పెసరగింజంత గాలిబుడగ ఆ చోటునంతను ఆక్రమింపగలదు. పైగా గాలి నొక్కినకొలది నలుగునే గాని ద్రవమువలె ఒత్తిడిని ముందుకు పంపదు. కాబట్టి పంపు ఎంత గట్టిదైనను బుడగ వచ్చిన క్షణమున దాని శ్రమ వ్యర్థమే.

బుడగ వచ్చినచో వేగము తగ్గవలెను గాని, మఱల దుముకనేల? పలు ఇంజనులకు గవర్నరు అను కావలి యుండును. వేగము తగ్గినచో అది డీజిలును పెంచును; హెచ్చినచో తగ్గించును. జేమ్స్ వాట్ 1788లోనే ఆవిరియంత్రమునకు ఇట్టి దానిని అమర్చెను. క్రొత్త బండ్లలో ఈ పనిని చిన్న కంప్యూటరు చేయును. బుడగ వచ్చి వేగము పడినపుడు గవర్నరు డీజిలును పెంచును, అంతలో బుడగ దాటిపోవును, పెంచిన డీజిలు మిగులును, బండి దుముకును, గవర్నరు మఱల కోసివేయును. కావలివాడే కంగారుపడుట వంటిదిది. గవర్నరు ఎపుడు నిలకడగ నుండునో, ఎపుడు ఇట్లు ఊగునో 1868లో మాక్స్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు గణితముచే నిరూపించెను.

ఇక పరీక్షకు వత్తము. మొదటి పరీక్షకు పనిముట్టుతో పనిలేదు. ఇంజను చప్పుడు హెచ్చినపుడు బండి వేగము కూడ హెచ్చుచున్నదా? చప్పుడు మాత్రమే హెచ్చి బండి హెచ్చనిచో అది క్లచ్చు జాఱుట. దాని కథ వేఱు. రెండును కలసి హెచ్చుచున్నచో డ్రైవరును అడుగవలయును. ట్యాంకు నిండుగ నున్నపుడును ఇట్లగునా, అడుగంటినపుడే అగునా? ఉదయము ఇంజను పట్టుకొనుటకు చాలసేపు స్వీయము కొట్టవలసి వచ్చుచున్నదా? ఇటీవల ఫిల్టరు మార్చిరా? మంచి మెకానిక్కు సగము రోగమును ఈ మాటలలోనే పట్టును.

తరువాత ట్యాంకు మూత. నూనె డబ్బాకు ఒకే రంధ్రము చేసి వంచినచో నూనె గడగడమని ఆగి ఆగి వచ్చును. రెండవ రంధ్రము చేసినంతనే ధారగ వచ్చును. డీజిలు పోయిన చోటికి గాలి రావలయును గదా! గాలి వచ్చు సన్నని దారి దుమ్ముతో పూడినచో ట్యాంకు ఊపిరాడక డీజిలును బిగబట్టును. నిలిచియున్నపుడు ఖర్చు స్వల్పము గనుక తెలియదు. దూరము నడచినపుడు తెలియును. జబ్బు కనబడినపుడు బండి నాపి మూత విప్పగా బుస్సుమని గాలి పీల్చిన చప్పుడు వచ్చినచో దొంగ దొరకినట్లే.

పిమ్మట ఫిల్టరు. దాని యడుగున నీరు చేరును. “డీజిలు కల్తీ” యని బంకును నిందించుట మనవారికి పరిపాటి. విశాఖపట్టణమున 1957 నుండియు చమురుశుద్ధి కర్మాగారము కలదు. ఆ నీరు అచటినుండియే రానక్కఱలేదు. సముద్రతీరపు తేమగాలి సగము ఖాళీయైన ట్యాంకులో చల్లబడి నీరగుటయు, వానలో తడిసిన పీపాలనుండి డీజిలు పోయుటయు చాలును. అడుగు మరను వదలు చేసి గాజుసీసాలోనికి పట్టి చూచినచో నీరు క్రిందను, డీజిలు పైనను తేటగ విడిపోవును.

ఇంతవఱకు దొరకనిచో గాలి జాడ వెదకవలయును. ఇక్కడనే చాలమంది పొరపడుదురు. డీజిలు బయట కాఱనిదే గొట్టము చెడలేదని వారి నమ్మకము. పలు బండ్లలో ట్యాంకు ఇంజనుకన్న పల్లముననుండును. పంపు డీజిలును పీల్చుకొనవలయును. పీల్చు గొట్టమున చీలిక యున్నచో డీజిలు బయటకు రాదు. బయటి గాలియే లోనికి పోవును! అందుచేత తడి కనబడదు. రాత్రి బండి నిలిచియున్నపుడు మాత్రము ఆ చీలికగుండ గాలి చొచ్చి, గొట్టములోని డీజిలు ట్యాంకునకు జాఱిపోవును. ఉదయపు స్వీయపు బాధ అందులకే. ట్యాంకులోని పీల్చు గొట్టము పైభాగమున చిల్లిపడినచో ట్యాంకు నిండుగ నున్నపుడు చిల్లి డీజిలులో మునిగియుండును, జబ్బుండదు, అడుగంటినపుడు బయటపడును. పై ప్రశ్నలు ఎందులకడిగితిమో ఇపుడు తెలిసినది గదా.

దీనిని కన్నులార చూడవచ్చును. ఫిల్టరుకును పంపునకును నడుమ జానెడు పారదర్శకపు గొట్టమును తాత్కాలికముగ అమర్చి ఇంజను వేగము పెంచినచో బుడగలు వరుసగ పోవుట కనబడును. అనుమానము తీరనిచో, షెడ్డులో, నిప్పునకు దూరముగ, డీజిలు నింపిన శుభ్రమైన డబ్బాను పంపుకన్న ఎత్తున నుంచి, పీల్చు గొట్టమును, తిరుగు గొట్టమును అందులోనే పెట్టి ఇంజనును నడుపుదురు. ఊగిసలాట ఆగినచో పంపు నిర్దోషి. తప్పు ట్యాంకునకును పంపునకును మధ్యనే యున్నది. ఆగనిచో పంపును, ఇంజెక్టర్లను అనుమానింపవచ్చును. పంపు మార్పుమని చెప్పువాడు ఈ పరీక్ష చేసెనా యని యజమాని తప్పక అడుగవలయును.

క్రొత్త బండ్లలో వేఱొక సంగతి యున్నది. యాక్సిలరేటరు క్రింద పాదము ఎంత నొక్కెనో కంప్యూటరునకు తెలుపు సెన్సరుండును. కొన్నిట అది రాపిడి సెన్సరు. గడప నడుమ అరిగినట్లు, డ్రైవరు పాదము నిత్యము నిలుచు చోటనే అదియు అరుగును. ఆ చోట తప్పుడు కబురు పంపును. స్కానరు తగిలించి పెడలును మెల్లగ నొక్కినచో అంకె క్రమముగ పెరుగవలెను. నడుమ గెంతినచో మార్చవలసినది సెన్సరే. ఈ బండ్లలో పంపు దాటిన పిమ్మటి గొట్టములను ఇంజను ఆడుచుండగా ముట్టరాదు. వాటిలోని ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి వేయి రెట్లు మించును. సన్నని చీలికనుండి చిమ్మిన డీజిలు చర్మమును చీల్చి లోనికి చొచ్చును.

తప్పు పీల్చు గొట్టపు క్లిప్పు వద్ద దొరకినదనుకొందము. క్లిప్పును, చీలిన గొట్టమును మార్చి, ఫిల్టరుపై మరను వదలు చేసి, బుడగలు పోయి నిండుధార వచ్చువఱకు చేతి పంపు కొట్టి గాలి తీయుదురు. అంతటితో బండిని అప్పగింపరాదు. జబ్బు ఏ బరువుతో, ఏ వేగమున కనబడెనో ఆ బరువుతోనే, ఆ వేగముననే, పెందుర్తినుండి సబ్బవరము వఱకు పోయి రావలయును; మఱునాటి ఉదయము స్వీయము ఎంతసేపు కొట్టవలసి వచ్చెనో డ్రైవరును మఱల అడుగవలయును.